మంగాయమ్మ గంట, గవర్రాజు గళ్ల బొమ్మ

చింతలగరువులో గవర్రాజు అని ఒక ప్రెస్సు యజమాని ఉండేవాడు; పని చేయడంలో ఎంత చురుకో, చేసిన పనిని రెండోసారి చూసుకోవడానికి అంత బద్ధకం అతనికి.

శుభలేఖలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు, ఏదైనా సరే ఇలా చెప్పి టీ తాగి వచ్చేలోగా చేసి చేతిలో పెట్టేవాడు. "సరిచూశావా?" అని ఎవరైనా అడిగారో, చర్రున కోపం వచ్చేది. "ఇరవై ఏళ్ల నుంచి ఇదే పని. నన్నా అడుగుతున్నారు?" అనేవాడు. అదృష్టం బాగుండి ఆ ఇరవై ఏళ్లలో కొంపలు మునిగే తప్పు ఒక్కటీ దొర్లలేదు. ఒకసారి మాత్రం పెళ్లికొడుకు ఇంటిపేరు పెళ్లికూతురికి కూడా వేసేశాడు. ఎలాగూ నాలుగు రోజుల్లో అదే అవుతుంది కదా అని రెండువైపుల వాళ్లూ నవ్వుకుని ఊరుకున్నారు. దాంతో గవర్రాజు ఇంకా మొండికెత్తాడు.

ఈమధ్య అతనికి కొత్త సరదా పట్టుకుంది. శుభలేఖ అడుగున నల్ల గళ్ల బొమ్మ వేయడం. క్యూఆర్ కోడ్ అంటారే, అదే. టీ కొట్టు దగ్గర డబ్బులు కట్టడానికి అతికించేది కాదు, ఇది వేరు. ఫోన్‌లో ఒక పేజీ తెరిచి ఏ కార్యమో, ఏ రోజో, ఎన్ని గంటలకో, ఎక్కడో నింపితే గళ్ల బొమ్మ తయారవుతుంది. దానికి కెమెరా చూపిస్తే చాలు, ఆ పెళ్లి వెళ్లి మన ఫోన్ క్యాలెండర్‌లో కూర్చుంటుంది. సరిగ్గా ఒక రోజు ముందు మోగి గుర్తు చేస్తుంది. చుట్టుపక్కల ఊళ్లలో ఈ విద్య మొదట నేర్చింది గవర్రాజే. ఇక చూడాలి అతని హడావిడి! గృహప్రవేశానికి గళ్లు, ఓణీల ఫంక్షన్‌కు గళ్లు, ఆఖరికి సంతాప సభకూ గళ్లే.

ఒకరోజు పొద్దున్నే మంగాయమ్మ ప్రెస్సుకు వచ్చింది. గవర్రాజు గబుక్కున లేచి నిలబడి కుర్చీ తుడిచాడు. ఎవరొచ్చినా కూర్చునే మాట్లాడే మనిషి, ఆవిడ కనబడితే మాత్రం ఇప్పటికీ రెండో తరగతి పిల్లాడైపోయేవాడు.

మంగాయమ్మ ఆ ఊరి బడిలో ముప్పై ఒక్క ఏళ్లు ఆయాగా పనిచేసింది. పిల్లలందరికీ ఆయమ్మ. దెబ్బ తగిలితే పసుపు అద్దేది, ముక్కు కారితే తుడిచేది, డబ్బా తెచ్చుకోని వాళ్లకు తన డబ్బాలోంచి పులిహోర పెట్టేది. అన్నిటికీ మించి, బడి గంట ఆవిడదే. వేపచెట్టు కొమ్మకు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడేది. ఇనుప కడ్డీతో ఆవిడ కొడితే కాలవ అవతల పొలాల్లో వాళ్లు కూడా టైము తెలుసుకునేవారు.

ఆవిడ చేతికి చనిపోయిన భర్త వాచీ ఉండేది. గంట కొట్టేముందు ఆ వాచీ చూసుకునేది. తర్వాత హెడ్మాస్టరు గది గుమ్మం దగ్గరికి నడిచి గోడ గడియారం చూసేది. రెండూ కలిస్తేనే కడ్డీ ఎత్తేది. "ఆయమ్మకు రెండు గడియారాలు, ఒక్క గంట!" అని పిల్లలు పాటలా పాడి ఆటపట్టించేవారు. ఆవిడకు ఇంకో అలవాటు కూడా ఉండేది. పొద్దున బడి గంటకు కడ్డీ ఎత్తాక ఒక్కసారి కాలవగట్టు వైపు చూసేది. గట్టు మీద ఎవడైనా సంచీ పట్టుకుని పరిగెత్తుకుంటూ వస్తుంటే, వాడి కాలు గేటు దాటేదాకా కడ్డీ గాల్లోనే ఆగేది. వారానికి నాలుగు రోజులు ఆ పరిగెత్తేవాడు గవర్రాజే. అలా ఆవిడ అతనికి తప్పించిన బెత్తం దెబ్బలకు అంతేలేదు.

ఇప్పుడు ఆ బడి లేదు. పిల్లలు తగ్గిపోయారని పక్క ఊరి బడిలో కలిపేశారు. చదువుకున్న వాళ్లంతా తణుకు, రాజమండ్రి, విజయవాడ, హైదరాబాద్ అని తలో దిక్కూ చేరారు. పట్టా ముక్క మాత్రం వేపచెట్టుకు అలాగే వేలాడుతోంది.

"ఒరే గవర్రాజూ, మన భవాని పెళ్లి కుదిరిందిరా" అంది మంగాయమ్మ. భవాని ఆవిడ కూతురు.

"ఎంత మంచి మాట చెప్పారు ఆయమ్మా!"

"బడి ఆవరణలోనే చేస్తున్నాను. పన్నెండో తేదీ శుక్రవారం రాత్రి రెండూ పద్నాలుగుకి ముహూర్తం. ఏడింటి నుంచే భోజనాలు." ఆవిడ తుడిచిన కుర్చీలో కూర్చుని మళ్లీ అంది. "మగపెళ్లివారు రెండు బస్సుల్లో వస్తున్నారు. మీ వైపు ఎంతమంది వస్తారమ్మా అని పెళ్లికొడుకు తండ్రి అడిగాడు. మా ఆయన పోయాక అటు చుట్టాలు నా గుమ్మం తొక్కలేదు. పుట్టింట ఎవరూ మిగల్లేదు. ఏం చెప్పను? మూడొందల మంది అన్నాను."

"ఆయనేమన్నాడు?"

"నవ్వాడు." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "నాకున్న చుట్టాలు మీరేగా నాయనా. నా పిల్ల మెళ్లో పుస్తె కట్టే వేళకి మీరంతా నా వైపు నిండుగా కూర్చుని ఉండాలి. ఇంకేం అక్కర్లేదు నాకు."

గవర్రాజుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ సంగతి నాకొదిలెయ్యండి ఆయమ్మా. మన బడి పిల్లలందరి ఫోన్లూ ఒకే గ్రూపులో ఉన్నాయి. మూడొందల మందినీ దింపే పూచీ నాది" అన్నాడు.

వెంటనే పనిలోకి దిగాడు. ఊళ్లో పంచడానికి వంద శుభలేఖలకు అచ్చు సిద్ధం చేశాడు. గ్రూపులో వాళ్లకు అంత పొడుగు శుభలేఖ ఎవరు చదువుతారులే అనుకుని, పైన వినాయకుడు, మధ్యలో వధూవరుల పేర్లు, కింద గళ్ల బొమ్మ, అంతే పెట్టాడు. గళ్లు నింపేటప్పుడు ఒక చోట ఆగాడు. పన్నెండు రాత్రి రెండు గంటలంటే పంచాంగానికి ఇంకా శుక్రవారమే, ఫోన్‌కు మాత్రం పదమూడు శనివారం. ఇంకొకడైతే ఇక్కడే బోల్తా పడేవాడు అని తనలో తానే మురిసిపోతూ పదమూడు నొక్కాడు. రెండు నొక్కాడు, పద్నాలుగు నొక్కాడు. ఆ పక్కనే ఏఎం, పీఎం అని ఒక మీట ఉంది. అప్పుడు మిట్టమధ్యాహ్నం కాబట్టి అది పీఎం మీదే ఉంది. తేదీ తెలివిగా పట్టుకున్న సంతోషంలో గవర్రాజు ఆ మీట వంక చూడనే లేదు.

సాయంత్రం మంగాయమ్మ వస్తే శుభలేఖ ఆవిడ చేత చదివించి సంతకం పెట్టించుకున్నాడు. అది ప్రెస్సు ఆచారం. ఆవిడ ప్రతి అక్షరం మీదా వేలు పెట్టి చదివింది. తర్వాత ఆ వేలు గళ్ల బొమ్మ మీద ఆగింది.

"ఇందులో ఏం రాశావో నాకెలా తెలుస్తుందిరా?"

"అది మనుషులు చదివేది కాదు ఆయమ్మా. ఫోన్ చదువుతుంది."

"అయితే నీ ఫోన్ చేత చదివించు. వింటాను."

గవర్రాజు ఫోన్ చూపించాడు. టింగుమని మోగి క్యాలెండర్‌లో చేరింది. "చూశారా? పడింది!" అన్నాడు.

"పడింది సరే. ఏం పడిందో చూశావా?"

"అబ్బబ్బ, మీరూ మీ రెండు గడియారాలూ! ఇలాంటివి వందలు చేశాను" అని నవ్వేసి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మంగాయమ్మ కూడా నవ్వింది. పిల్లలు వెక్కిరిస్తే ఆవిడకు ఎన్నడూ కోపం రాలేదు మరి. ఆ రాత్రే గవర్రాజు బొమ్మ గ్రూపులో పెట్టి, "చదవక్కర్లేదు, బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకోండి చాలు, మిగతాది ఫోన్ చూసుకుంటుంది" అని రాశాడు. గంటలో రెండొందల మంది నొక్కేశారు. శభాష్ గవర్రాజూ అని ఒకటే పొగడ్తలు.

శుక్రవారం రానే వచ్చింది. మధ్యాహ్నం ప్రెస్సులో గవర్రాజు కొత్త చొక్కాకు ఇస్త్రీ చేసుకుంటుంటే ఫోన్ మోగింది. గళ్ల బొమ్మ గంట అది. ఎంత ముద్దుగా మోగిందో అనుకుంటూ తీసి చూశాడు. "రేపు మధ్యాహ్నం 2:14, భవాని పెళ్లి" అని ఉంది.

గవర్రాజు మళ్లీ చదివాడు. రేపేమిటి? మధ్యాహ్నమేమిటి? చొక్కా కాలుతున్న వాసన వచ్చినా తెలియలేదు. ఈపాటికి అదే గంట అందరి ఫోన్లలోనూ మోగి ఉంటుంది. గ్రూపు తెరిచాడు. హైదరాబాద్ వాళ్లు అప్పుడే రాశారు: "రేపు తెల్లవారుజామున కార్లలో బయల్దేరుతున్నాం. పన్నెండు కల్లా దిగిపోతాం. ఆయమ్మ పులిహోర మాకు ఉంచండి!"

ఇంకేముంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. పనివేళ, సగం మంది ఎత్తలేదు. ఎత్తిన వాడొకడు, "నీకేమైనా మతి పోయిందా? నీ బొమ్మే కదరా రేపని చెప్పింది" అని నవ్వాడు. తప్పు దిద్ది కొత్త బొమ్మ గ్రూపులో పెట్టాడు. "మొన్ననే నొక్కాం కదా, మళ్లీ ఎందుకు పెట్టావు?" అని ఒకరు అడిగారు. "ముహూర్తం ఈ రాత్రికే" అని రాశాడు. ఆ ఒక్క వాక్యం మీద క్షణంలో నలభై శుభాకాంక్షలూ పూలగుత్తులూ వచ్చి పడ్డాయి. అది ఎక్కడో అడుగుకు వెళ్లిపోయింది. ఒకసారి అందరి ఫోన్లలోకీ వెళ్లి కూర్చున్న తేదీని ఇక్కడి నుంచి చెయ్యి పెట్టి ఎలా లాగుతాడు? పావుగంట గడిచింది. కదిలింది ఆరుగురు.

గవర్రాజు సైకిలెక్కి బడికి పరుగెత్తాడు. కాలవగట్టు మీద తొక్కుతుంటే చిన్నప్పుడు ఇదే గట్టు మీద సంచీ పట్టుకుని పరిగెత్తిన రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు ఆవిడ కడ్డీ ఎత్తి ఆగేది. ముహూర్తం అలా ఆగుతుందా?

బడి ఆవరణలో పందిరి వేశారు. ఒకవైపు కుర్చీలకు మగపెళ్లివారనీ, ఇంకోవైపు కుర్చీలకు పెళ్లికూతురి వారనీ కాగితాలు అంటించారు. మంగాయమ్మ తన వైపు కుర్చీలను స్వయంగా గుడ్డతో తుడుస్తోంది. గవర్రాజును చూసి, "మూడొందలూ సరిపోతాయంటావా? ఇంకో పాతిక తెప్పించనా?" అని అడిగింది.

అతను ఆవిడ కాళ్ల దగ్గర మట్టిలో కూలబడ్డాడు. "ఆయమ్మా, నేను పెద్ద తప్పు చేశాను" అని జరిగినదంతా చెప్పేశాడు.

మంగాయమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఖాళీ కుర్చీల వంక చూసింది. ఆవిడ కేకలేసినా, చెంప పగలగొట్టినా అతనికి కాస్త హాయిగా ఉండేది. ఆవిడ గుడ్డ మడిచి కుర్చీ మీద పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది.

"నేను రెండు గడియారాలు ఎందుకు చూసేదాన్నో ఏనాడైనా అడిగావురా?"

"లేదు ఆయమ్మా."

"నా వాచీ మీద నమ్మకం లేక కాదు. గంట ఒక్కసారి మోగిందంటే మూడొందల మంది పిల్లలు లేచి పరుగెత్తేస్తారు. ఆగండర్రా, తప్పు కొట్టాను అంటే ఎవరు వింటారు? అందుకని కొట్టక ముందే చూసుకునేదాన్ని."

గవర్రాజు తలెత్తలేకపోయాడు. తలొంచుకునే, "నా మాట ఎవరూ వినిపించుకోవడం లేదు ఆయమ్మా. మీ గంటైతే వింటారు" అన్నాడు. ఆ మాట అతనే ఆలోచించి అన్నది కాదు, ఎలాగో నోటి నుంచి వచ్చేసింది.

మంగాయమ్మ అతని మొహంలోకి చూసింది. కొంగు నడుముకు దోపుకుంది. వంటవాళ్ల దగ్గర ఇనుప గరిటె ఒకటి తీసుకుని వేపచెట్టు దగ్గరికి నడిచింది. చెట్టు కింద నిలబడి ముందు తన వాచీ చూసుకుంది. తర్వాత అతన్ని అడిగింది.

"నీ ఫోన్‌లో ఎంతయింది?"

"మూడూ పది, ఆయమ్మా."

"నాదీ అంతే. ఇంటి గంట కొడుతున్నాను, అందరికీ వినబడేలా ఫోన్ పట్టుకో."

గవర్రాజు రికార్డు మీట నొక్కి ఫోన్ దగ్గరగా పట్టుకున్నాడు. మంగాయమ్మ గరిటె ఎత్తింది. ఒకసారి అలవాటుగా కాలవగట్టు వైపు చూసింది. గట్టు మీద ఎవరూ లేరు. అప్పుడు కొట్టింది. ఇంటి గంట అంటే సాయంత్రం బడి వదిలే గంట; ఆగకుండా, ఒకదాని మీద ఒకటి, చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టే గంట. ఆ చప్పుడు చెవిన పడగానే గవర్రాజుకు పలకలు, సుద్దముక్కలు, తడిసిన చొక్కాలు, నేరేడు పళ్లతో ఊదారంగు తేలిన నాలుకలు అన్నీ ఒక్కసారి కళ్ల ముందు నిలిచాయి. అతను బాహాటంగానే ఏడ్చేశాడు. గంట అయ్యాక మంగాయమ్మ ఫోన్ దగ్గరికి వంగి, "పిల్లలూ, నేను ఆయమ్మని. పెళ్లి రేపు కాదు, ఈ రాత్రే. ఇంటికి రండి నాయనా" అంది.

ఆ గొంతు గ్రూపులోకి వెళ్లింది. అంతే, పూలగుత్తులన్నీ ఆగిపోయాయి. తర్వాత ఒకటే వరస. "తణుకులో బయల్దేరాం." "దుకాణం మూసేశాను." "సెలవు చెప్పేశాను, గంట వినిపించానంతే, మా ఆఫీసరు వెళ్లిరమ్మన్నాడు." గంట విన్నాక ఇది రేపటి పెళ్లి కదా అని అడిగినవాడు ఒక్కడూ లేడు.

దీపాలు పెట్టే వేళకు తణుకు, రాజమండ్రి వాళ్లు దిగారు. భోజనాల వేళకు విజయవాడ వాళ్లొచ్చారు. రాత్రి ఒంటిగంటకు హైదరాబాద్ కార్ల లైట్లు కాలవగట్టు మీద ఒకదాని వెనక ఒకటి కనబడ్డాయి. పురోహితుడు మంత్రాలు మొదలుపెట్టాడు. మంగాయమ్మ గట్టు వైపు చూస్తూ నిలబడి, "కాస్త నెమ్మదిగా చదవండి బాబూ, పిల్లలు వస్తున్నారు" అంది. ఆయన నవ్వి కాస్త నెమ్మదిగానే చదివాడు. రెండూ పద్నాలుగుకు భవాని మెళ్లో పుస్తె పడింది. మంగాయమ్మ వైపు నూట అరవై మంది అక్షతలు వేశారు. పెళ్లికొడుకు తండ్రి అటు చూసి, "మూడొందల మంది కాదమ్మా, వీళ్లు వెయ్యి మంది పెట్టు" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

అందరూ గవర్రాజు భుజం తట్టారు. అతను మాత్రం మిగిలిన కుర్చీలను చూశాడు. చెన్నై, బెంగళూరు వాళ్లవి, ఫోన్ చూసుకోని వాళ్లవి, నూట నలభై కుర్చీలు అలాగే ఖాళీగా ఉన్నాయి.

శనివారం మధ్యాహ్నం పందిరి విప్పుతుండగా జీవరత్నం వచ్చాడు. చెన్నైలో ఉద్యోగం. చిన్నప్పుడు రోజూ ఆయమ్మ డబ్బాలో అన్నం తిని చదువుకున్న పిల్లాడు, భవానిని పసిపిల్లగా భుజాన మోసినవాడు. కొత్త పంచె కట్టుకుని, చేతిలో చీర పెట్టె పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఫోన్ తీసి చూసుకున్నాడు. సరిగ్గా రెండూ పద్నాలుగు.

"భవాని ఏది?" అని అడిగాడు.

"పొద్దున్నే అత్తారింటికి వెళ్లిపోయిందిరా" అంది మంగాయమ్మ.

"గంట నేనూ విన్నాను ఆయమ్మా. కానీ అర్ధరాత్రి రైల్లో పడుకున్నాక విన్నాను. దిగి పరిగెత్తడానికి దారి లేకపోయింది" అన్నాడు. అని బడి మెట్టు మీద కూర్చున్నాడు. అంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. మంగాయమ్మ లోపలికి వెళ్లి విస్తరాకులో పులిహోర తెచ్చి అతని పక్కన కూర్చుంది. "తిను. నీకోసమే ఉంచాను" అంది. జీవరత్నం గవర్రాజును ఒక్క మాట కూడా అనలేదు. ఆ మాట పడకపోవడమే గవర్రాజుకు పెద్ద శిక్ష అయింది. ఎంత సరిచేసినా ఆ ఒక్క పెళ్లి జీవరత్నం ఇక చూడలేడు కదా.

ఆ తర్వాత గవర్రాజు గళ్ల బొమ్మలు మానలేదు. కానీ ఇప్పుడు ప్రెస్సులో ఎవరి శుభలేఖ అయినా, బొమ్మ తయారుకాగానే ముందు తన ఫోన్‌తో చదివిస్తాడు. తర్వాత వచ్చినవాళ్ల ఫోన్‌తో చదివిస్తాడు. రోజు, తేదీ, పగలో రాత్రో వాళ్ల చేత పైకి చదివించి, రెండూ కలిస్తేనే మిషన్ మీట నొక్కుతాడు. "ఇంత చాదస్తం ఏమిటండీ?" అని ఎవరైనా నవ్వితే, "మా ఆయమ్మ దగ్గర నేర్చుకున్నాను, కాస్త ఆలస్యంగా" అంటాడు.

పదిమంది నమ్మి నడుచుకునే మాటను బయటికి పంపేముందే రెండోసారి సరిచూసుకోవాలి. పంపాక ఎంత పరుగెత్తి దిద్దినా, ఎవరో ఒకరికి ఆ దిద్దుబాటు ఆలస్యంగానే చేరుతుంది.